భూమి కదలిక – ఇంటి కదలిక

కృష్ణగిరి ప్రాంతమున రాతి గనికి సమీపమున గల ఒక పల్లెనుండి, మా పాఠశాలలో జరిగిన తలిదండ్రుల సమావేశమునకు ఒక అవ్వ తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చినది. సమావేశము ముగిసి అందరును వెళ్లిపోవుచుండగా ఆమె మాత్రము నిలిచి మమ్ము ఇట్లు అడిగినది: “అయ్యవారూ, గనిలో మందు పేల్చినప్పుడల్లా మా అటక మీద గిన్నెలు గలగలమంటాయి. మా గోడ చీలింది. పక్కనే ఉన్న పశువుల కొట్టం మాత్రం చెక్కు చెదరలేదు. అడిగితే లెక్క ప్రకారం అదురు తక్కువే అన్నారు. రెండిండ్లకూ భూమి ఒకటే కదా! తక్కువ అదురైతే మా గోడ ఎందుకు చీలింది?”

మేము భాషోపాధ్యాయులము. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పగలముగాని, గోడ చీలిక కర్థము చెప్పుట మా విద్య కాదు. అందుచేత ఆనాడు ఆమెకు సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత, మా వద్ద చదువుకొని ఇప్పుడు ఇంజనీరింగు విద్య నభ్యసించుచున్న ఒక పూర్వ విద్యార్థి సెలవులకు వచ్చినప్పుడు ఈ ప్రశ్న అతని ముందుంచితిమి. “దీనికి సమాధానము రెస్పాన్స్ స్పెక్ట్రమ్ అను పాఠములో ఉన్నది. కాని తెలుగులో ఎట్లు చెప్పవలెనో నాకు తెలియదు” అని అతడనెను. మేము చిత్తూరులో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న రోజులలో మా గురువులలో నొకరు, తన ఇంటి భాషలో చెప్పలేని విషయము తనకింకను పూర్తిగా తెలియని విషయమే యని తరచు చెప్పెడివారు. ఆ మాట జ్ఞప్తికి వచ్చి, ఆ విద్యార్థియు మేమును కూర్చుండి ఈ విషయమును తెలుగులోనికి తెచ్చుకొంటిమి. దానినే ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా ఉయ్యాలను తలచుకొనుడు. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాలను ఒకసారి త్రోసి విడిచిన, అది తన ఇష్టము వచ్చినట్లు ఊగదు. పోయి వచ్చుటకు దానికొక నియతకాలము కలదు. త్రాడు పొడవైనచో ఆ కాలము ఎక్కువ, పొట్టిదైనచో తక్కువ. దీనినే భౌతికశాస్త్రమున ఆవర్తన కాలమందురు. ఒక సెకనులో ఎన్ని ఊపులు కలుగునో ఆ సంఖ్య పౌనఃపున్యము. ఉయ్యాల ఊపునకు సరిపడునట్లు త్రోసినవాని చేతిలో చిన్న బలమైనను పెద్ద ఊపును పుట్టించును. తాళము తప్పి త్రోసినచో పెద్ద బలము కూడ వ్యర్థమగును.

ఇల్లు కూడ ఒక ఉయ్యాలయే. అది పైనుండి వ్రేలాడక నేలపై నిలిచియుండుటయే భేదము. గోడలును స్తంభములును స్ప్రింగువలె వంగి తిరిగి లేచుచుండును. కప్పు బరువు ఆ స్ప్రింగుపై నుండును. ఈ ఊపు మన కంటికి కనబడనంత స్వల్పమైనను, ప్రతి కట్టడమునకును తనదైన ఆవర్తన కాలము ఉండియే తీరును. సాధారణముగా అంతస్తులు పెరిగిన కొలదియు ఈ కాలము పెరుగును. ఒకటి రెండు అంతస్తుల ఇండ్లు సెకనునకు నాలుగు మొదలు పండ్రెండు ఊపుల వరకు ఊగుననియు, పది అంతస్తుల మేడకు ఒక్క ఊపునకే ఇంచుమించు ఒక సెకను పట్టవచ్చుననియు స్థూలముగా చెప్పుదురు.

ఇక బలము సంగతి. గోడపై ఎల్లప్పుడును ఉండు కప్పు బరువు స్థిరమైన భారము. గనిలోని ప్రేలుడు, భూకంపము, సుడిగాలి తాకిడి – ఇవి క్షణకాలము వచ్చి పోవునవి. క్షణికమైనవి కదా యని వీనిని చులకన చేయరాదు. అంగడిలోని స్ప్రింగు త్రాసును చూడుడు. ఒక కిలో బెల్లమును మెల్లగా దించినచో ముల్లు ఒక కిలో వద్దనే నిలుచును. ఆ బెల్లమునే పళ్లెమునకు తాకించి పట్టుకొని, హఠాత్తుగా చేయి విడిచినచో, ముల్లు ఒక్క క్షణము రెండు కిలోల దరిదాపునకు పోయి తిరిగి వచ్చును. బెల్లము పెరుగలేదు, బరువు పడిన తీరు మారినది. కావున క్షణిక భారమును గురించి “ఎంత?” అని మాత్రమే అడిగిన చాలదు. “ఎంత వేగముగా వచ్చినది? ఎంతసేపున్నది? తాకబడిన వస్తువు ఊపునకు అది సరిపడినదా?” అనియు అడుగవలెను.

విద్యార్థులారా, ఈ క్రింది పరీక్షను మీ ఇంటిలోనే చేయవచ్చును. ఒక పొడవైన కర్రకు మూడు దారములతో సమానమైన మూడు రాళ్లను వ్రేలాడదీయుడు. దారముల పొడవు 25 సెంటీమీటర్లు, 56 సెంటీమీటర్లు, 100 సెంటీమీటర్లు ఉండవలెను. ఈ లోలకముల ఆవర్తన కాలములు వరుసగా ఇంచుమించు 1 సెకను, 1.5 సెకన్లు, 2 సెకన్లు అగును. కర్రను రెండు చేతులతో పట్టుకొని, సెకనున కొకసారి చొప్పున రెండు మూడు మారులు ముందునకు వెనుకకు కదిపి ఆపుడు. పొట్టి లోలకము అన్నిటికంటె ఎక్కువగా ప్రక్కకు వాలును. రాళ్లు నిలకడగా నిలిచిన పిదప, రెండు సెకన్ల కొకసారి చొప్పున కదిపి చూడుడు. ఇప్పుడు పొడుగు లోలకము విజృంభించును. చేతిని అతిత్వరగా వణికించినచో, కర్ర వణకునుగాని రాళ్లు దాదాపు ఉన్నచోటనే యుండును. కర్ర ఒక్కటే, కదిపిన చేయి ఒక్కటే, జవాబులు మాత్రము మూడు!

ఇప్పుడొక కాగితము తీసుకొనుడు. అడ్డగీతపై లోలకముల ఆవర్తన కాలములను, నిలువుగీతపై ఒక్కొక్క లోలకము వాలిన అత్యధిక కోణమును గుర్తింపుడు. మూడు రాళ్లకు మారుగా ముప్పది రాళ్లు వ్రేలాడదీసినచో ముప్పది చుక్కలు వచ్చును. వానిని కలిపిన వక్రరేఖయే ఆ ఒక్క కదలికకు సంబంధించిన ప్రతిస్పందన వర్ణపటము. పట్టకము గుండ పోయిన తెల్లని వెలుగు ఏ రంగు ఎక్కడనో విడివిడిగా చూపినట్లే, ఈ పటము ఒక భూచలనము ఏ ఆవర్తన కాలము గల కట్టడమును ఎంతగా ఊపునో విడివిడిగా చూపును. అందువలననే మేము “వర్ణపటము” అను పాత మాటనే ఉంచితిమి.

ఈ భావము ఎట్లు పుట్టినదో కొంచెము చెప్పుదుము. బెల్జియము దేశమున జన్మించిన మారిస్ బయో అను శాస్త్రజ్ఞుడు 1932లో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమున తన పరిశోధన గ్రంథములో దీనిని ప్రతిపాదించెను. అప్పటికి బలమైన భూకంపపు కదలికను నమోదు చేసిన పటము లోకమున ఒక్కటియు లేదు. మరుసటి సంవత్సరము, 1933 మార్చిలో, లాంగ్ బీచ్ భూకంపమున అట్టి నమోదులు మొదటిసారిగా లభించినవి. 1940 మే 18న ఎల్ సెంట్రో అను ఊరిలో లభించిన నమోదు నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. కంప్యూటరులు లేని ఆ దినములలో బయో మెలిపడు లోలకము గల యంత్రమును ఉపయోగించి ఈ వక్రరేఖలను గీయించెను. పిమ్మట జార్జి హౌస్నర్ అను ఇంజనీరు అనేక భూకంపముల వర్ణపటములను కలిపి, కట్టడముల రూపకల్పనకు పనికివచ్చునట్లు నునుపైన సగటు రేఖగా తీర్చెను.

మనదేశమున రూర్కీ విశ్వవిద్యాలయములో 1960లో భూకంప ఇంజనీరింగునకు ప్రత్యేక విభాగమేర్పడినది. ఆచార్య జయకృష్ణ దానికి మార్గదర్శకులు. ఆ దశాబ్దమున అక్కడివారు రూపొందించిన ఒక పరికరము మన కర్రా రాళ్ల పరీక్షకు చాల దగ్గరి చుట్టము. దానిలో ఆరు లోలకములు కలవు. వాని ఆవర్తన కాలములు 0.40, 0.75, 1.25 సెకన్లు, ఒక్కొక్క కాలమునకు రెండేసి లోలకములు. ఆ రెంటిలో నొకదాని ఊపు త్వరగాను, రెండవదాని ఊపు కొంత ఆలస్యముగాను అణగును. భూమి కంపించినప్పుడు ప్రతి లోలకమును తాను ఊగిన మేరకు గీత గీసియుంచును. ఖరీదైన యంత్రములు లేని కాలమున, వర్ణపటములోని కొన్ని చుక్కలను భూమిచేతనే వ్రాయించుకొనిన ఉపాయమిది.

ఊపు అణగుట యనగా నేమి? ఏ ఉయ్యాలయు శాశ్వతముగా ఊగదు. గాలి, రాపిడి మొదలగునవి దాని శక్తిని హరించును. కట్టడములలో ఇటుకల నడుమ, కాంక్రీటు లోపల జరుగు రాపిడి ఆ పని చేయును. ఈ గుణమును అవరుద్ధత యందురు. అది ఎక్కువైన కొలదియు వర్ణపటములోని శిఖరము క్రుంగును. భారత ప్రమాణముల సంస్థవారి 1893వ సంఖ్య గల సంహితలో (మొదటి ముద్రణ 1962) 2002 సంవత్సరపు ప్రతి, నూటికి అయిదు వంతుల అవరుద్ధతకు ఒక వర్ణపటమును ఇచ్చినది. ఆ సంహిత ఆ తరువాత సవరింపబడినది గనుక, లెక్క కట్టు ఇంజనీర్లు తమ కాలమున అమలునందున్న ప్రతిని చూడవలెను. విషయము తెలియుటకు 2002 నాటి రేఖ మనకు చాలును.

ఆ రేఖ ఇట్లుండును. ఆవర్తన కాలము సున్న యైనచో విలువ 1. అనగా ఏ మాత్రము వంగని బండ భూమితో కలిసి భూమి ఎంత కదిలిన నంతయే కదలును. 0.10 సెకను వచ్చుసరికి విలువ 2.5కు పెరుగును. రాతినేలపై 0.40 సెకను వరకు అట్లే నిలిచి, ఆపై క్రమముగా తగ్గును. మెత్తని నేలపై ఆ శిఖరము 0.67 సెకను వరకు సాగును.

ఒక లెక్క చేయుదము. 4 మీటర్ల ఎత్తు, 16 మీటర్ల పొడవు గల ఒంటి అంతస్తు బడి గది యున్నదనుకొందము. సంహితలోని సూత్రము చొప్పున ఎత్తును 0.09తో గుణించి, పొడవు యొక్క వర్గమూలముతో భాగింపవలెను. అప్పుడు దాని ఆవర్తన కాలము 0.09 సెకను వచ్చును. వర్ణపటములో దాని విలువ 2.35. అదే పొడవుతో 30 మీటర్ల ఎత్తు గల మేడ యున్నచో, దాని ఆవర్తన కాలము 0.675 సెకను. రాతినేలపై దాని విలువ 1.48 మాత్రమే. అనగా రాతినేలపై కిలో బరువునకు పడు అదురును చూచినచో, ఎత్తైన మేడకంటె మన చిన్న బడి గదికే ఎక్కువ! ఆ మేడనే మెత్తని నేలపై కట్టినచో విలువ 2.47కు పెరుగును. మేడ మారలేదు, భూకంపము మారలేదు. నేల మాత్రమే మారినది.

విలువ తెలిసిన పిదప బలమును లెక్కింపవచ్చును. 2002 నాటి పటములో మన పొరుగుననున్న బెంగుళూరు రెండవ మండలములోను, కృష్ణగిరికి దక్షిణమున గల సేలము మూడవ మండలములోను కలవు. పై బడి గదిని ఇనుము లేని ఇటుక గోడలతో రెండవ మండలమున కట్టినచో, సంహిత ననుసరించి దాని బరువులో నూటికి సుమారు 11.75 వంతుల బలము ప్రక్కనుండి త్రోసినను నిలుచునట్లు కట్టవలెను. గది బరువు 100 టన్నులైనచో ప్రక్కత్రోపు 11.75 టన్నులు. బడి అనేకుల ప్రాణములకు ఆశ్రయము గనుక సంహిత దానికి సాధారణ గృహమునకంటె ఒకటిన్నర రెట్లు ప్రాధాన్య మిచ్చినది. ఆ ప్రాధాన్యము ఈ లెక్కలో చేరియే యున్నది.

దక్షిణ భారతమున భూకంపములు రావని కొందరు నమ్ముదురు. 1900 ఫిబ్రవరి 8న కోయంబత్తూరు ప్రాంతమునను, 1967 మార్చి 27న ఒంగోలు వద్దను, 1969 ఏప్రిల్ నెలలో భద్రాచలము వద్దను భూమి గట్టిగా కంపించినది. అరుదుగా వచ్చునవి కావచ్చును, రానివి మాత్రము కావు.

ఈ విషయమును దేశమునకు గట్టిగా నేర్పినది కొయనా. కృష్ణగిరి ఆనకట్టను, హోసూరు చెంత కెలవరపల్లి ఆనకట్టను చూచిన మన పిల్లలకు, ఆనకట్ట యనగా కదలని కొండ యని తోచుట సహజము. మహారాష్ట్రమున 103 మీటర్ల ఎత్తున కట్టిన కొయనా ఆనకట్టకు, దాని బరువులో నూటికి అయిదు వంతుల ప్రక్కత్రోపును మాత్రమే లెక్కించి యుండిరి. 1967 డిసెంబరు 11న వచ్చిన భూకంపమున ఆనకట్టలోని యంత్రము, గురుత్వ త్వరణములో ఇంచుమించు సగము వరకు అడ్డుకదలికను నమోదు చేసినది. ఆనకట్ట కూలలేదు, కాని పైభాగము సన్నబడుచోట, అనగా అడుగునుండి సుమారు మూడింట రెండు వంతుల ఎత్తున, పగుళ్లు పడినవి. ఆనకట్ట బండవలె మొత్తముగా కదలక, రెల్లుకాడవలె పైభాగమున ఎక్కువగా ఊగుటయే దీనికి ముఖ్య కారణము.

1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరమున జరిగినది ఇంకను చిత్రము. భూకంప కేంద్రము 350 కిలోమీటర్లకు పైబడిన దూరమున నుండెను. అయినను ఆ నగరములో కొంత భాగము పూర్వము చెరువు గనుక, దాని మెత్తని మట్టి రెండు సెకన్ల కొకసారి చొప్పున ఊగినది. ఆ ఊపునకు దగ్గరగా నుండిన ఆరు మొదలు పదునైదు అంతస్తుల కట్టడములు అధికముగా కూలినవి. వాని ప్రక్కనే పొట్టి ఇండ్లనేకము నిలిచినవి. మన అవ్వ ప్రశ్నయే అక్కడ మహానగర ప్రమాణమున కనబడినది.

ఇక గని వద్దకు వచ్చెదము. ప్రేలుడు వలని కదలిక ఒకటి రెండు సెకన్లలో ముగియును. దానిని కొలుచునప్పుడు నేలలోని రేణువు ముందువెనుకలుగా కదలు గరిష్ఠ వేగమును సెకనునకు ఇన్ని మిల్లీమీటర్లని చెప్పుదురు. గనుల భద్రతా డైరెక్టరేటు 1997లో ఇచ్చిన ఉత్తరువులో, గని యజమానివి కాని ఇండ్లకు ఒకే హద్దు లేదు. మూడు హద్దులు కలవు. కదలిక పౌనఃపున్యము 8కి లోపలనున్నచో సెకనునకు 5 మిల్లీమీటర్లు, 8 నుండి 25 వరకైనచో 10, 25కు మించినచో 15. ఇట్లు మూడేల? సామాన్యమైన ఇల్లు సెకనునకు నాలుగు మొదలు పండ్రెండు ఊపులు ఊగునని ముందు చెప్పితిమి గదా! నెమ్మదిగా వచ్చు ఊపు ఇంటి సొంత ఊపునకు దగ్గరపడును గనుక అక్కడ హద్దు కఠినముగా నున్నది. అతిశీఘ్రమైన వణుకునకు, మన చేతిలో వణికిన కర్రకు రాళ్లు లొంగనట్లే, ఇల్లు అంతగా లొంగదు. వర్ణపటము చెప్పు నీతియే ఈ ఉత్తరువులో హద్దుల రూపమున కలదు.

మరొక సంగతి. గనికి చేరువలో గట్టి రాతి గుండ వచ్చు కదలిక శీఘ్రముగా నుండును. దూరము పోయిన కొలదియు, మట్టి పొర మందమైన కొలదియు, శీఘ్రమైన వణుకు ముందుగా అణగి నెమ్మదైన ఊపు మిగులును. కావున దూరపు ఇంటివద్ద వేగము తక్కువైనను, అది ఇంటికి నచ్చిన తాళములో రావచ్చును. ప్రేలుడు మందునంతటిని ఒక్కసారి ముట్టింపక, గుంట గుంటకు నడుమ సెకనులో అతిస్వల్ప భాగము ఎడమిచ్చి ప్రేల్చుట ఒక్కొక్క తాకిడిని తగ్గించుటకే.

అయితే వర్ణపటము సర్వజ్ఞము కాదు. అది అత్యధికమైన ఊపు ఎంతయో చెప్పును. అది ఏ క్షణమున వచ్చినదో, అట్టి ఊపులు ఎన్నిమారులు వచ్చినవో చెప్పదు. పెద్ద కట్టడము ఒకే తీరున ఊగక పలుతీరుల ఊగును. ఆ తీరుల గరిష్ఠములన్నియు ఒకే క్షణమున రావు గనుక వానిని ఊరక కూడుట తగదు. ఇంజనీర్లు ఒక్కొక్కదాని వర్గమును కూడి వర్గమూలము తీయుదురు. ఒక తీరు 3, మరియొక తీరు 4 అయినచో మొత్తము 7 కాక 5 అగును. పైథాగరసు సిద్ధాంతమును చదివిన ఎనిమిదవ తరగతివారికి ఈ లెక్క పాత నేస్తమే. ఇదిగాక, పగిలిన గోడ మునుపటి స్ప్రింగు కాదు. పగులు పడగానే దాని ఆవర్తన కాలము మారును. అప్పుడు వేరు లెక్క కావలెను.

అవ్వ గోడ ప్రేలుడు వలననే చీలినదని మేము తీర్పు చెప్పజాలము. పునాది క్రుంగినను, నల్లరేగడి ఎండి ముడుచుకొనినను, దూలము వంగినను గోడలు చీలును. కాని ఆమెకు ఇప్పుడు చెప్పదగిన మాటలు రెండు కలవు. మొదటిది: గిన్నెలు, గోడ, కొట్టము – ఈ మూడును మూడు వేర్వేరు లోలకములు. ఒకే భూమి మూటిని మూడు విధములుగా ఊపును. గిన్నెలు మ్రోగినంత మాత్రమున గోడకు హాని కలిగినదనియు చెప్పరాదు. కొట్టము నిలిచినంత మాత్రమున గోడకు హాని కలుగలేదనియు చెప్పరాదు. రెండవది: “అదురు తక్కువే” అని ఎవరైన చెప్పినప్పుడు ఒక సంఖ్యతో తృప్తి పడరాదు. “వేగమెంత? పౌనఃపున్యమెంత? మా ఇంటివద్ద కొలిచితిరా, గనివద్ద కొలిచితిరా?” అని మూడు ప్రశ్నలు మర్యాదగా అడుగవలెను. సెకనునకు 8 మిల్లీమీటర్ల వేగము, పౌనఃపున్యము 30 అయినచో హద్దులోనిది. పౌనఃపున్యము 6 అయినచో హద్దు దాటినది. సంఖ్య అదియే, న్యాయము వేరు.

ఈ వ్యాసము ముద్రణకు పోవుటకు ముందు అవ్వ మనుమరాలిని పిలిచి కర్రా రాళ్ల పరీక్షను చూపితిమి. ఆ బాలిక దానిని ఇంటికి కొనిపోయి, దూలమునకు మూడు రాళ్లు కట్టి అవ్వకు చూపినదట. “అయితే మా కొట్టం పొట్టి రాయి అన్నమాట!” అని అవ్వ అన్నదట. ఏ రాయి ఏ ఇల్లో కొలిచినగాని తెలియదు. కాని కొలువవలసినది ఒక్క అదురును మాత్రమే కాదని ఆమె గ్రహించినది. పల్లె వారందరును కలిసి పంపనున్న విన్నపములో ఆ మూడు ప్రశ్నలను ఇప్పుడు ఆ బాలికయే తెలుగులో వ్రాయుచున్నది.